పైకి రూపాయి బిళ్లంత: ఢిల్లీలో కరెంటు గాయాలు, వాటి వైద్యం

2023 జూన్ 25 తెల్లవారుజామున న్యూఢిల్లీ రైల్వే స్టేషన్ బయట వాననీళ్లు నిలిచాయి. అందులో నడుస్తూ ఊతానికి కరెంటు స్తంభం పట్టుకున్న ఒక ఉపాధ్యాయురాలు ప్రాణాలు కోల్పోయారు. 2024 జులై 22న సౌత్ పటేల్ నగర్‌లో, నీళ్లు నిండిన వీధిలో ఇనుప గేటు తాకి సివిల్స్‌కు చదువుకుంటున్న యువకుడొకరు చనిపోయారు. పటేల్ నగర్, రాజేంద్ర నగర్, కరోల్ బాగ్ సందుల్లో గదులు తీసుకొని చదువుకునే తెలుగు పిల్లలు ఎంతోమంది. ఆ వార్త మన ఇళ్లకు దూరపుదేమీ కాదు.

చనిపోయినవారి గురించి పత్రికలు రాస్తాయి. బతికి బయటపడి, చేయో కాలో పోగొట్టుకున్నవారు బర్న్స్ వార్డుల్లో నెలల తరబడి ఉంటారు, వారి ఊసు ఎవరికీ పట్టదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో మన దేశంలో కరెంటు తగిలి ఏటా పది వేలమందికి పైగా చనిపోతున్నారు. దేశం మొత్తం మీద అన్ని రకాల కాలిన గాయాలకూ కలిపి కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పే అంచనా ఏటా 70 లక్షల ఘటనలు, 1.4 లక్షల మరణాలు, 2.4 లక్షలమందికి వైకల్యం. మరణాల అంచనాకు ఆధారం ఢిల్లీలోని మూడు పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల నుంచి వచ్చిన సమాచారమే. అంటే దేశం తన కాలిన గాయాలను ఢిల్లీ వార్డుల్లోంచి చూసుకుంది. ఆ వార్డుల్లోని డాక్టర్లను అడిగితే, మామూలు కాలిన గాయానికీ కరెంటు గాయానికీ పొంతన లేదంటారు. ఆ తేడా ఏమిటో, అది తెలియకపోతే నష్టం ఎంతో చూడటమే ఈ వ్యాసం పని.

ఎక్కడ, ఎవరికి తగులుతోంది

ముందుగా ఒక విషయం విడదీసుకోవాలి. షార్ట్ సర్క్యూట్‌తో ఇల్లంటుకొని కాలితే అది మంటల గాయం. 1997 జూన్ 13న ఉపహార్ సినిమా హాల్లో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రేగిన మంటల్లో 59 మంది చనిపోయారు. కారణం కరెంటే, కానీ చంపింది పొగ. శరీరంలోంచి కరెంటు ప్రవహించి చేసే గాయం వేరు. అది రెండు రకాలు. వెయ్యి వోల్టులకు లోపలిది లో వోల్టేజ్, ఆపైది హై వోల్టేజ్.

ఢిల్లీలో లో వోల్టేజ్ గాయాలకు రుతువుల వారీ లెక్కుంది. మే, జూన్‌లలో ఇనుప బాడీ ఉన్న డెజర్ట్ కూలర్. ప్లగ్గు తీయకుండా నీళ్లు పోయడం, తడి చేత్తో తాకడం. జనవరిలో బకెట్లో వేసే ఇమ్మర్షన్ రాడ్. వానాకాలంలో వీధి స్తంభాలు, ఇనుప గేట్లు, దుకాణాల షట్టర్లు. వీటికి తోడు సందుల్లో అతుకుల వైర్లతో ఈ-రిక్షాల చార్జింగ్ ఏడాది పొడుగునా సాగుతుంది.

హై వోల్టేజ్ గాయాల వెనక నగరం పెరిగిన తీరు ఉంది. అనధికార కాలనీల్లో, ఢిల్లీలో కలిసిపోయిన పల్లెల్లో వీధి మీదుగా 11 వేల వోల్టుల (11 కేవీ) లైను పోతుంది. అంతస్తు మీద అంతస్తు లేస్తుంది, బాల్కనీ వీధిలోకి చొచ్చుకొస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం 11 కేవీ లైనుకూ ఇంటికీ మధ్య పక్కగా కనీసం 1.2 మీటర్లు, పైకప్పు నుంచి నిలువుగా 3.7 మీటర్ల ఎడం ఉండాలి. చాలా సందుల్లో బాల్కనీలో బట్టలారేసే చేతికి తీగ అందుతుంది. ఇల్లు ముందా, లైను ముందా అన్న తగవు తేలేలోపు, పైకి ఇనుప ఊచలు అందించే కూలీకో, తెగిన పతంగిని కర్రతో లాగబోయిన పిల్లవాడికో తగులుతుంది. ఢిల్లీలో పతంగుల పండుగ ఆగస్టు 15. ఆ రోజుల్లో లోహపు పూత పూసిన మాంజా దారం వాడొద్దని విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఏటా హెచ్చరిస్తాయి. ఆ దారం తీగ మీద పడితే కరెంటు దాని వెంట చేతిదాకా దిగుతుంది.

మూడో వర్గం లైన్‌మన్లు, వారి వెంట పనిచేసే కాంట్రాక్టు కుర్రాళ్లు. పని కోసం లైను ఆపించడాన్ని మన ఊళ్లలో ఎల్‌సీ అనీ, ఢిల్లీలో షట్‌డౌన్ అనీ అంటారు. లైను ఆపారన్న నమ్మకంతో స్తంభమెక్కినవాడికి పక్క ఇంటి జనరేటర్ నుంచో ఇన్వర్టర్ నుంచో కరెంటు వెనక్కి తన్నుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తీరు కొంత వేరు. అక్కడ పొలం మోటారు స్టార్టరు, రైతే స్వయంగా వేసుకునే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు, అడవి పందుల కోసం పెట్టే కరెంటు కంచె. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి తీగ తగిలి అయిదుగురు చనిపోయిన ఘటన నగరాలకూ ఆ ప్రమాదం ఉందని చూపింది. ఎక్కడైనా బాధితుల్లో ఎక్కువమంది సంపాదించే వయసు మగవాళ్లు. వంటింటి మంటల గాయాల్లో ఆడవాళ్లు ఎక్కువ, కరెంటు గాయాల్లో అది తిరగబడింది. 2012లో మొదలైన కిరోసిన్ రహిత ఢిల్లీ పథకం తర్వాత స్టవ్వులు తగ్గాయి, వైర్లు మాత్రం పెరుగుతూనే వచ్చాయి.

చర్మం కింద జరిగేది

ఇంటి కరెంటు 230 వోల్టులు. ఎండిన, మొరటు అరచేతి చర్మం నిరోధం లక్ష ఓముల దాకా ఉండొచ్చు. అప్పుడు ఒంట్లోంచి పోయేది సుమారు 2 మిల్లీ ఆంపియర్లు, చిన్న జిల్లు. అదే చర్మం తడిస్తే నిరోధం వెయ్యి ఓములకు పడిపోతుంది. కరెంటు 230 మిల్లీ ఆంపియర్లవుతుంది. 10 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దగ్గరే చేతి కండరాలు బిగుసుకొని, పట్టుకున్నది వదల్లేని స్థితి వస్తుంది. 50 నుంచి 100 మధ్య గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. కరెంటు లాగేసింది అంటాం గానీ, నిజానికి మన చేయే దాన్ని వదలదు.

హై వోల్టేజ్‌లో గుండె ఆగకుండా బతికినవాడి సమస్య వేడి. కరెంటు పోయే దారిలో నిరోధం ఎక్కువున్నచోట వేడి ఎక్కువ పుడుతుంది. శరీరంలో ఎముక నిరోధం చాలా ఎక్కువ. అది వేడెక్కి, నెమ్మదిగా చల్లారుతూ తనను అంటిపెట్టుకున్న లోతు కండరాన్ని ఉడికిస్తుంది. రక్తనాళాల లోపొర దెబ్బతిని, గంటల్లోనో రోజుల్లోనో రక్తం గడ్డకట్టి అవి మూసుకుపోతాయి. అందుకే అరచేతిలో కరెంటు దిగినచోట రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ, అరికాలిలో బయటికి పోయినచోట చిన్న చీలిక మాత్రమే కనిపిస్తాయి. మధ్యలో మోచేయి దాకా కండరం చచ్చిపోయి ఉంటుంది. మణికట్టు, మోచేయి వంటి సన్నని చోట్ల నష్టం మరీ ఎక్కువ.

కాలిన గాయాల వైద్యమంతా చర్మం ఎంత శాతం కాలిందన్న లెక్క మీద నడుస్తుంది. ఎంత సెలైన్ ఎక్కించాలి, ఏ వార్డులో పెట్టాలి, ఇంటివాళ్లకు ఏం చెప్పాలి, అన్నీ ఆ శాతాన్ని బట్టే. కరెంటు గాయంలో ఆ కొలబద్ద చెల్లదు. ఢిల్లీలో పోగొట్టుకుంటున్న చేతులూ కాళ్లూ చాలావరకు ఈ కొలత దగ్గరే పోతున్నాయి.

తీగ దగ్గర

పక్కనున్నవాళ్లు మొదట చేయాల్సింది తాకకపోవడం. ఇంట్లో అయితే మెయిన్ ఆపాలి. కుదరకపోతే పొడి చోట నిలబడి, ఎండు కర్రతోనో ప్లాస్టిక్ వస్తువుతోనో తీగను తప్పించాలి. ఇది ఇంటి కరెంటుకే. 11 కేవీ దగ్గర కర్రను నమ్ముకోకూడదు. డిస్కంకు ఫోన్ చేసి లైను ఆపించేదాకా దగ్గరికి పోకూడదు, తెగిపడిన తీగకు పది మీటర్ల దూరంలో ఉండాలి. నేలలో కూడా కరెంటు పాకుతుంది.

కరెంటు ఆగాక, మనిషి పలకకుండా ఊపిరి తీయకుండా ఉంటే ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఈ పద్ధతి పుట్టిందే కరెంటు ప్రమాదాల్లోంచి. అమెరికాలో స్తంభాల మీద చనిపోతున్న లైన్‌మన్ల కోసం విద్యుత్ పరిశ్రమ డబ్బుతో పరిశోధన మొదలుపెట్టిన ఇంజనీరు విలియం కౌవెన్‌హోవెన్. ఆయన జాన్స్ హాప్‌కిన్స్‌లో సహచరులతో కలిసి 1960లో ఛాతీ నొక్కే పద్ధతిని లోకానికి చెప్పారు. కరెంటు దెబ్బకు ఆగిన గుండె తరచూ ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడి గుండె. ఆశ వదులుకోకూడనిది ఇక్కడే.

తర్వాత ఉంగరాలు, గాజులు, మొలతాడు, చేతికి కట్టిన దారాలు తీసేయాలి. వాపుతో అవే ఉరితాళ్లవుతాయి. పసుపు, టూత్‌పేస్టు, సిరా ఏవీ పూయొద్దు. ఢిల్లీలో 112కు గానీ, క్యాట్స్ అంబులెన్స్ నంబరు 102కు గానీ ఫోన్ చేయాలి. డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాటలు ఏ లైను తగిలింది, ఎప్పుడు తగిలింది, స్పృహ తప్పిందా అన్నవి. గాయం ఎంత ఉందన్నది తర్వాత.

మొదటి ఆరు గంటలు

ఆస్పత్రిలో మొదట ఈసీజీ తీస్తారు. 2006లో అమెరికన్ డాక్టర్లు ప్రచురించిన చికిత్సా సూత్రాలు కూడా కరెంటు తగిలిన ప్రతి ఒక్కరికీ ఈసీజీ తీయాలంటాయి. ఇంటి కరెంటు తగిలి, స్పృహ తప్పకుండా, ఈసీజీ మామూలుగా ఉంటే ఇంటికి పంపొచ్చు. మిగిలినవారిని పర్యవేక్షణలో ఉంచాలి. స్తంభం మీద నుంచో మేడ మీద నుంచో పడ్డవారికి తల, వెన్నెముక కూడా చూడాలి. దీన్ని మరిచిపోవడం తేలిక, ఎందుకంటే చూపంతా కాలిన చేతి మీదే ఉంటుంది.

తర్వాతి పరీక్షకు యంత్రమేదీ అక్కర్లేదు, మూత్రపు సంచి చాలు. చచ్చిన కండరంలోంచి మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి దిగి మూత్రపిండాలను మూసేస్తుంది. అప్పుడు సంచిలో దిగేది కోలా రంగులో ఉంటుంది. మామూలు కాలిన గాయానికి పెద్దవారిలో గంటకు 30 నుంచి 50 మిల్లీలీటర్ల మూత్రం వస్తే చాలనుకుంటారు. ఇక్కడ 75 నుంచి 100 దాకా వచ్చేలా రింగర్ లాక్టేట్ సెలైన్ ఎక్కించి, రంగు తేటపడేదాకా ఆపకూడదు. లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. అరవై కిలోల మనిషికి చర్మం పది శాతం కాలితే, కిలోకు, శాతానికి నాలుగు మిల్లీలీటర్ల సూత్రం ప్రకారం 24 గంటలకు 2,400 మిల్లీలీటర్లు. లోపల చేయంతా ఉడికినవాడికి అది ఏ మూలకూ చాలదు. కాలింది అయిదు శాతమే అయితే కొన్నిచోట్ల సూత్రాన్ని వాడనే వాడరు, చిన్న గాయమని కట్టు కట్టి కూర్చోబెడతారు. అందుకే కరెంటు గాయంలో సెలైన్‌కు మూత్రమే కొలత. మానిటాల్, సోడా బైకార్బొనేట్ వంటివి చాలాచోట్ల ఇస్తారు గానీ వాటికి గట్టి రుజువు లేదు.

మూడోది, చేయి పోతుందా నిలుస్తుందా తేల్చేది, ఫేషియోటమీ. కండరాలను గట్టి పొరలు సంచుల్లా చుట్టి ఉంటాయి. లోపల వాచిన కండరానికి చోటు చాలక ఒత్తిడి పెరిగి రక్తం ఆగిపోతుంది. వేళ్లు సాగదీస్తే భరించలేని నొప్పి, తిమ్మిరి, రాయిలా గట్టిపడ్డ ముంజేయి దాని గుర్తులు. నాడి దొరకకపోవడం ఆఖరి గుర్తు, దానికోసం ఆగకూడదు. పొరను పొడుగ్గా కోసి ఒత్తిడి విడుదల చేయాలి. రక్తం అందని కండరం ఆరు నుంచి ఎనిమిది గంటలు దాటితే కోలుకోదు. దీనిపై నిపుణుల్లో వాదం ఉంది. హై వోల్టేజ్ అయితే అందరికీ వెంటనే కోయాలని ఒకప్పుడు అనేవారు. గంట గంటకూ పరీక్షిస్తూ అవసరమైనవారికే చేయాలన్నది ఇప్పటి మొగ్గు, కోతకు దాని నష్టాలు దానికున్నాయి కాబట్టి. అయితే గంట గంటకూ చూసే మనుషులున్నచోటే ఆ మాట నిలుస్తుంది. రోగిని మూడు చేతులు మార్చి పంపేచోట ఎదురుచూడటమంటే చేయి వదులుకోవడమే.

ఢిల్లీలో నైపుణ్యానికి లోటు లేదు. సఫ్దర్‌జంగ్‌ది దేశంలోని అతి పెద్ద బర్న్ విభాగాల్లో ఒకటి. రామ్ మనోహర్ లోహియా, లోక్ నాయక్, గురు తేగ్ బహదూర్ ఆస్పత్రుల్లో విభాగాలున్నాయి. ఎయిమ్స్‌లో కాలిన గాయాలకు, ప్లాస్టిక్ సర్జరీకి ప్రత్యేక భవనం 2021లో తెరుచుకుంది. లోక్ నాయక్‌లో పనిచేసిన డాక్టర్ రాజీవ్ అహుజా, డాక్టర్ సమీక్ భట్టాచార్య అక్కడ చేరిన 11,196 మంది రోగుల వివరాలతో 2002లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. వనరులు తక్కువున్న దేశాలను దృష్టిలో పెట్టుకొని అంతర్జాతీయ బర్న్ సొసైటీ 2016లో తెచ్చిన చికిత్సా మార్గదర్శకాల కమిటీకి అహుజాయే అధ్యక్షుడు.

ఆ నైపుణ్యమంతా నగరం నడిబొడ్డున ఉంది. ప్రమాదాలు లోనీ, ఫరీదాబాద్, బవానా, సోనీపట్ వైపు జరుగుతాయి. మొదట వీధి చివరి నర్సింగ్ హోమ్, తర్వాత జిల్లా ఆస్పత్రి, అక్కడి నుంచి సఫ్దర్‌జంగ్‌కు పొమ్మని చీటీ. ఆ చీటీ మీద కాలిన శాతం ఉంటుంది. మూత్రం రంగు, ప్రమాదం జరిగిన గంట, వేళ్లకు స్పర్శ ఉందో లేదో చాలాసార్లు ఉండదు.

వార్డులో వారాలు

మొదటి ఆపరేషన్‌లో చచ్చిన కండరమంతా తేలదు. రక్తనాళాలు మూసుకుంటూ పోయే కొద్దీ మర్నాడు మరికొంత నల్లబడుతుంది. అందుకే రెండు, మూడు రోజులకోసారి థియేటర్‌కు తీసుకెళ్లి శుభ్రం చేస్తారు. ఇంటివాళ్లకు ఇది అర్థం కాక, డాక్టర్లు చేయిని ముక్కలు ముక్కలుగా కోసేస్తున్నారని గోల పెడతారు. హై వోల్టేజ్ గాయాల్లో అవయవం తీసేయాల్సిన అవసరం ముగ్గురిలో ఒకరి దాకా, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువమందికి రావడం ప్రపంచమంతటా నమోదైన సంగతే.

శుభ్రమైన గాయాన్ని కప్పడం తర్వాతి పని. 2023లో సఫ్దర్‌జంగ్‌లో స్కిన్ బ్యాంకు మొదలైంది, హైదరాబాద్ ఉస్మానియాలో అంతకుముందే 2021లో వచ్చింది. మరణించినవారు దానం చేసిన చర్మం, ఒళ్లంతా కాలినవారికి తాత్కాలికంగా ప్రాణం నిలుపుతుంది. కరెంటు గాయంలో మాత్రం ఎముక, స్నాయువు బయటపడి ఉంటాయి. వాటి మీద పలుచటి చర్మం అతకదు. రక్తనాళంతో సహా కండ, కొవ్వు, చర్మం కలిపి తెచ్చే ఫ్లాప్ కావాలి. సూక్ష్మదర్శిని కింద రక్తనాళాలు కుట్టే ఫ్రీ ఫ్లాప్ ఒక పద్ధతి. దెబ్బతిన్న నాళాలున్నచోట అది విఫలమయ్యే ముప్పు ఉంది. మన వార్డుల్లో ఎక్కువగా నమ్ముకునేది పాతకాలపు గజ్జ ఫ్లాప్. చేతిని గజ్జ దగ్గర కోసిన చర్మానికి కుట్టేస్తారు. మూడు వారాల దాకా ఆ చేయి అక్కడే ఉండాలి. పాతికేళ్ల కుర్రాడు పక్కకు తిరగలేక వెల్లకిలా పడుకొని ఉంటే అమ్మ రొట్టె ముక్క నోటికి అందిస్తుంటుంది. మూడో వారానికి చేతిలో కొత్త రక్తనాళాలు పుట్టాక మూలాన్ని కోసి విడదీస్తారు. ఖరీదైన పరికరమేదీ లేకుండా చేతిని నిలిపే ఈ పద్ధతికి ఇప్పటికీ తిరుగులేదు.

ఇంటికి వెళ్లాక

గాయం మానడంతో జబ్బు అయిపోదు. తలకూ మెడకూ దగ్గరగా కరెంటు తగిలినవారికి నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కంటిలో శుక్లం వస్తుంది. నరాల బలహీనత, లేని చేతిలో నొప్పి, నిద్రలో ఉలికిపాటు, స్విచ్ వేయడానికే భయం, ఇవీ ఉంటాయి. డిశ్చార్జి కాగితంలో కళ్ల పరీక్ష తేదీ, మనోవైద్యుడి పేరు అరుదుగా కనిపిస్తాయి. కృత్రిమ అవయవాలకు ఢిల్లీలో పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జాతీయ సంస్థ ఉంది, వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్రం ఏడీఐపీ పథకం ఉంది. కాలు పోయినవాడు కృత్రిమ కాలితో మళ్లీ పనికి పోగలడు. చేయి పోయిన తాపీ కూలీకి ఆ మాట చెప్పలేం.

ఖర్చు, పరిహారం

2025 ఏప్రిల్‌లో ఢిల్లీ ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. ఆ పథకం కరెంటు గాయాలకు వోల్టేజీని, అవయవ నష్టాన్ని బట్టి విడి ప్యాకేజీలు పెట్టింది. చర్మపు శాతాన్ని పక్కనపెట్టి ఆలోచించిన కొద్ది చోట్లలో ఇదొకటి, మెచ్చుకోవాలి.

పరిహారం విషయంలో చట్టం బాధితుడి వైపే ఉంది. మధ్యప్రదేశ్‌లో వాననీటిలో పడి ఉన్న కరెంటు తీగ తగిలి ఒక సైకిలిస్టు చనిపోయిన కేసులో, తీగ ఎవరో దొంగతనంగా తగిలించారన్న విద్యుత్ బోర్డు వాదనను సుప్రీంకోర్టు 2002లో తోసిపుచ్చింది. ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేసేవాడిదే బాధ్యత, నిర్లక్ష్యం రుజువు చేయాల్సిన పనిలేదంది. రాజధాని ప్రాంతంలోనే ఉన్న పానిపట్‌లో 2011లో ఇంటి మేడ మీద కరెంటు తీగ తగిలి ఒక చిన్న బాలుడు రెండు చేతులు, ఒక కాలు పోగొట్టుకున్నాడు. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ బాలుడికి 60 లక్షల పరిహారాన్ని నిలబెట్టింది. విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షన్ ప్రకారం ప్రమాదాన్ని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు తెలపాలి, విచారణ జరగొచ్చు. ఆ నివేదికే తర్వాత కోర్టులో ఆధారం. కూలీ కుటుంబాలకు ఈ సంగతి చెప్పేవారు లేక, అయిదో పదో వేలు చేతిలో పెట్టిన మేస్త్రీతో రాజీపడిపోతారు.

చేయాల్సింది ఏమిటి

ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే, కరెంటు ఒంట్లోకి లీకైన క్షణంలోనే సరఫరా తెగిపోతుంది. అమెరికాలో ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ 1961లోనే అలాంటి పరికరం రూపొందించారు. కూలర్ ధరలో కొంత భాగమే దానికయ్యే ఖర్చు. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. ఇరుకు సందుల్లో 11 కేవీ కవచంలేని తీగల స్థానంలో కవచమున్న కేబుళ్లు వేయడం డిస్కంల పని.

వైద్యానికి వస్తే, కొత్త మందులూ యంత్రాలూ రాకముందే చేయగలిగింది చాలా ఉంది. రాజధాని ప్రాంతంలోని ప్రతి జిల్లా ఆస్పత్రి క్యాజువాలిటీలో ఫేషియోటమీ చేయగల సర్జన్ రాత్రీ పగలూ ఉండాలి. పంపే ముందు మూత్రపు గొట్టం వేసి, సెలైన్ నడుస్తుండగా, వోల్టేజీ, సమయం, మూత్రం రంగు రాసి పంపాలి. వీటిలో ఏదీ డాక్టర్లకు తెలియని విద్య కాదు. ఢిల్లీ చుట్టుపక్కల కరెంటు గాయాల్లో అవయవాలు పోతున్నది ఎక్కువగా వైద్యం లేక కాదు, ఆలస్యం వల్ల. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికైనా హైటెన్షన్ తీగ తగిలితే గాయం చిన్నదే కదా అని తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే బర్న్స్ వార్డున్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.